గుట్ట, మోకు, తాడు: ఉత్తర తెలంగాణలో ఆరోహణ సమూహాల సామాజిక చరిత్ర

వ్యాససంగ్రహం:
పర్వతారోహణ చరిత్ర మనకు ఎక్కువగా వ్యక్తుల రికార్డుల రూపంలోనే లభిస్తోంది. శిఖరం మీద నిలబడిన మనిషి పేరు నమోదవుతుంది. ఆ మనిషిని అక్కడికి చేర్చిన సమూహం నమోదు కాదు. ఈ వ్యాసం సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని, గుట్టలతో అక్కడి ప్రజలకున్న సంబంధాన్నీ, హైదరాబాదులో రూపొందిన సాహసయాత్రా సంఘాల సంస్కృతినీ, 2014లో గురుకుల విద్యార్థులు సాధించిన ఎవరెస్టు ఆరోహణనూ ఒకే చరిత్రలో భాగాలుగా పరిశీలిస్తుంది. ఏ పనీ లేకుండా, కేవలం ఎక్కడం కోసమే కొండ ఎక్కే అవకాశం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది ఇందులో ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: పర్వతారోహణ, ఆరోహణ సంఘాలు, గుట్ట, మోకు, భువనగిరి, గురుకులాలు, సిరిసిల్ల, జగిత్యాల.

1. ఉపోద్ఘాతం:

తెలుగు నుడికారంలో కొండ ఎక్కడం అంత శుభప్రదమైన పనేమీ కాదు. దీపం కొండెక్కితే ఆరిపోయిందని అర్థం. ధరలు కొండెక్కితే సామాన్యుడికి అందకుండా పోయాయని అర్థం. కొండ మీద ఉండదగినవాడు దేవుడు. మనిషి మొక్కు చెల్లించి దిగి రావలసినవాడు. 'పర్వతారోహణ' అనే సంస్కృత సమాసం పత్రికల ద్వారా, పాఠ్యపుస్తకాల ద్వారా వాడుకలోకి వచ్చింది. సిరిసిల్ల, కోరుట్ల పల్లెల్లో నేటికీ వినిపించే మాట 'గుట్టెక్కుడు'.

ఈ రెండు మాటల మధ్య భేదం ఎత్తుకు సంబంధించినది కాదు. గుట్టెక్కేవాడికి పైన ఏదో ఒక పని ఉంటుంది. మొక్కు తీర్చుకోవాలి, మేకలు మేపాలి, కట్టెలు తేవాలి, సీతాఫలాలు ఏరాలి, రాయి కొట్టాలి. పర్వతారోహకుడికి పైన పనేమీ లేదు. ఎక్కడమే అతని పని. పని లేని ఆ ఆరోహణకు తీరిక కావాలి, డబ్బు కావాలి, వెంట నడిచే మనుషులు కావాలి. అన్నిటికీ మించి, 'వీళ్లు ఇక్కడ ఎందుకు తిరుగుతున్నారు?' అని ఎవరూ నిలదీయని సామాజిక స్థితి కావాలి. ఈ నాలుగో అంశాన్ని పర్వతారోహణ సాహిత్యం సాధారణంగా పట్టించుకోదు. ఉత్తర తెలంగాణ చరిత్రను చదివేవారు మాత్రం దానిని దాటి వెళ్లలేరు.

2. సంఘం – సభ్యత్వం:

కొండలు ఎక్కడం కోసమే ఏర్పడిన తొలి సంఘంగా 1857లో లండన్‌లో స్థాపితమైన ఆల్పైన్ క్లబ్బును చెబుతారు. అందులో న్యాయవాదులు, మతాచార్యులు, విశ్వవిద్యాలయ ఆచార్యులు ఎక్కువ. స్త్రీలకు సభ్యత్వం లేకపోవడంతో వారు 1907లో వేరుగా సంఘం పెట్టుకున్నారు. రెండూ కలవడానికి 1970ల దాకా పట్టింది. ఆస్ట్రియా, జర్మనీల ఉమ్మడి ఆల్పైన్ సంఘం ఇంకా ముందుకు పోయి, యూదులు అధికంగా ఉన్న తన డోనౌలాండ్ శాఖను 1924లో బహిష్కరించింది. కొండ అందరిదీ అనే మాట ఎంత పాతదో, కొండకు పోయే సంఘం అందరిదీ కాదనే ఆచారం కూడా అంతే పాతది. కులం ప్రాతిపదికగా ఊరు, వాడ విడిపోయిన సమాజాన్ని అధ్యయనం చేసేవారికి ఈ యూరోపు ఉదాహరణలు కొత్తగా అనిపించవు.

మన దేశంలో 1928లో హిమాలయన్ క్లబ్బు ఏర్పడింది. దాని తొలి తరం సభ్యుల్లో బ్రిటిష్ సైనికాధికారులు, పరిపాలనాధికారులే ప్రముఖులు. బరువులు మోసినవారు, దారి చూపినవారు షెర్పాలు. 1953లో టెన్జింగ్ నార్గే ఎవరెస్టు ఎక్కిన తరువాత ఈ వరుస కొంత మారింది. మరుసటి ఏడాది, 1954లో, డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. శిక్షణ ఇచ్చే స్థానంలోకి షెర్పా వచ్చాడు. అయినా శిక్షణ పొందేవారిలో సైన్యానికి చెందినవారు, నగరాల విద్యావంతులు అధికంగా కనిపించారు.

తెలుగువారిలో ఈ మార్గం చాలాకాలం సైనిక పాఠశాలల గుండానే సాగింది. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. 1985లో సైనిక యాత్రలో ఎవరెస్టుపై మరణించిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు కూడా ఆ బడి పూర్వవిద్యార్థే. మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో కన్నుమూశాడు. ఒక బడి ఒకరి స్మృతిని మరొకరికి అందించడం వల్ల ఏర్పడిన వరుస ఇది. 'అసాధారణ వ్యక్తి' అనే వర్ణన దగ్గర ఆగిపోతే ఈ వరుస కనబడదు.

3. సిరిసిల్ల – జగిత్యాల సీమలో గుట్ట:

ఈ సీమలో గుట్ట మీద సమూహ జీవనానికి లిఖిత సాక్ష్యం 10వ శతాబ్దిలోనే దొరుకుతుంది. గంగాధర మండలం కురిక్యాల సమీపంలోని బొమ్మలమ్మ గుట్టపై జినవల్లభుడు వేయించిన శాసనం అందరికీ తెలిసినదే. వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడికి ఇతడు తమ్ముడు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో ఉన్న ఈ శాసనంలోని కంద పద్యాల గురించి సాహిత్య చరిత్రకారులు విస్తారంగా చర్చించారు. తెలుగు ప్రాచీనతను నిరూపించే సందర్భాల్లోనూ దీనిని ఉదాహరిస్తూ వచ్చారు. ఛందస్సు మీద పడిన వెలుగు శాసనంలోని మరో సంగతి మీద అంతగా పడలేదు. జినవల్లభుడు రాతి మీద చక్రేశ్వరిని, జిన బింబాలను చెక్కించడంతో ఆగలేదు. త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను కూడా ఏర్పరచాడు. అంటే ఒక గుట్ట, దాని పాదంలో నీరు, నీడ, నలుగురు చేరే చోటు. యాత్ర, విహారం, ధర్మం అప్పటికింకా విడిపోలేదు.

ఆ కలయిక వేరే రూపంలో నేటికీ మిగిలి ఉంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టుకు హనుమజ్జయంతి నాడు దీక్షాధారులు గుంపులుగా కాలినడకన వస్తారు. గుంపుకొక పెద్ద ఉంటాడు. ముందు నడిచేవారు, వెనుకబడినవారి కోసం ఆగేవారు, నీళ్లు మోసేవారు ఉంటారు. సాహసయాత్రా సంఘాల పరిభాషలో నాయకుడు, వెనుక కాపలాదారుడు అనే బాధ్యతలకు ఇవి దాదాపు సమానమైనవి. అయితే దీక్షాధారి ప్రయాణానికి సమాజం ఇచ్చే అనుమతి దేవుడి పేరిట లభిస్తుంది.

ఎక్కడాన్ని కుల వృత్తిగా చేసుకున్నవారు గౌడులు. నడుమునూ చెట్టునూ కలుపుతూ చుట్టే మోకు, పాదాలకు తగిలించే గుజి, కత్తులు పెట్టుకొనే ముస్తాదు వీరి సామగ్రి. శరీరభారాన్ని మోకు మీదికి వాల్చి, పాదాలను చెట్టుకు అదిమి, మోకును ఒక్క జానెడు పైకి ఎగురవేసి మళ్లీ వాలడం ఒక భౌతికశాస్త్ర పాఠం. రాతి మీద ఎక్కేవారికి శిక్షకులు మొదట నేర్పే సూత్రం కూడా ఇదే: బరువు కాళ్ల మీద ఉండాలి, చేతుల మీద కాదు. తాటివనాల్లో తరతరాలుగా ఉన్న ఈ జ్ఞానాన్ని ఎవరూ క్రీడ అనలేదు. కింద పడితే చేతులు, నడుము విరిగే పని కనుక దానికి క్రీడ అనే పేరు నప్పదు కూడా.

ఇక్కడ సర్వాయి పాపన్నను స్మరించవలసి ఉంది. గౌడ కులంలో పుట్టి, మొగలు పాలన చివరి దశలో తిరుగుబాటు చేసిన పాపన్న 1708లో వరంగల్ మీద దాడి చేశాడు. ఆ వెంటనే భువనగిరి మీదికి వెళ్లాడు. దక్కన్ సామాజిక చరిత్ర రాసిన రిచర్డ్ ఈటన్ అతనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆ భువనగిరి బండ మూడు శతాబ్దాల తరువాత మరో సందర్భంలో మన ముందుకు వస్తుంది.

4. 1978 తరువాత:

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ ఉద్యమం గురించి, దాని మీద సాగిన నిర్బంధం గురించి తెలుగులో విస్తారమైన సాహిత్యం ఉంది. దానిని ఇక్కడ పునరుక్తి చేయడం అనవసరం. మన అంశానికి సంబంధించిన ఫలితం ఒక్కటే. ఆ తరువాతి రెండు దశాబ్దాలకు పైగా ఈ ప్రాంతపు గుట్టలకు, అడవులకు అర్థం మారిపోయింది. గుట్ట అంటే దళం ఉండగల చోటు. గుట్ట వైపు నడిచే యువకుడు అంటే ప్రశ్నించదగిన యువకుడు. భుజాన సంచి వేసుకొని, కారణం చెప్పలేకుండా కొండ మీద రాత్రి గడపడం నగరంలో వినోదం. ఇక్కడ అది ప్రమాదం. అటు దళం అనుమానించవచ్చు, ఇటు పోలీసులు అనుమానించవచ్చు.

ఈ ప్రాంతపు యువకులకు ఆసక్తి లేక సాహసయాత్రా సంస్కృతి ఏర్పడలేదనే వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది చరిత్రను విస్మరించిన వాదన. బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు, మగ్గం పని కోసం భివండి, సూరత్‌లకు వెళ్లిన యువకులకు సాహసం లేదనడం కన్నా అన్యాయం ఉండదు. లేనిది తీరిక, నిర్భయంగా తిరిగే స్వేచ్ఛ.

5. హైదరాబాదు రాళ్లు:

అదే కాలంలో హైదరాబాదులో రాతికి మరో రకమైన సమూహం తోడయింది. నగరం చుట్టూ ఉన్న 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ శిలలు ఇళ్ల స్థలాల కోసం పగిలిపోతుండగా, వాటిని కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. చరిత్రకారుడు, ఐ.ఎ.ఎస్. అధికారి నరేంద్ర లూథర్, జర్మనీ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన ఫ్రాకే ఖాదర్ ఇందులో ప్రముఖులు. ఈ సంస్థ నెలనెలా నిర్వహించిన శిలాయాత్రలు ఒక కొత్త ఆచారాన్ని ప్రవేశపెట్టాయి. ఆదివారం పూట పిల్లాపాపలతో రాళ్ల దగ్గరికి పోవడం, వాటిని చూడటం, తిరిగి రావడం. కొన్ని శిలాసముదాయాలను వారసత్వ సంపదగా గుర్తించేలా ప్రభుత్వాన్ని ఒప్పించడంలోనూ ఈ సంస్థ కృషి ఫలించింది. నడక రక్షణకు దారితీసింది. చూడనివాడు కాపాడడు కనుక ఈ క్రమం ఆశ్చర్యకరం కాదు.

21వ శతాబ్ది తొలి దశకంలో సమాచార సాంకేతిక ఉద్యోగాల విస్తరణతో మరో తరం సంఘాలు వచ్చాయి. వీటిలో గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్బు పేరుపొందింది. లాభాపేక్ష లేకుండా, సభ్యులే స్వచ్ఛందంగా యాత్రలు నిర్వహించుకోవడం, ఖర్చు సమంగా పంచుకోవడం దీని పద్ధతి. సంఘజీవన దృష్టితో చూస్తే శిఖరాల కన్నా ఈ పద్ధతే ముఖ్యమైనది. రాపెల్లింగ్ చేసేటప్పుడు తాడు అవతలి కొనను పట్టుకొనేది నిన్నటిదాకా ముఖపరిచయం లేని మనిషి. అతని కులం, ఉద్యోగం, మతం ఆ క్షణంలో అడగవలసిన విషయాలు కావు. ముడి సరిగా వేశాడా లేదా అన్నదే విషయం. ఇది సమానత్వానికి ఒక చిన్న అభ్యాసం. అయితే ఆ అభ్యాసం ఎవరి మధ్య జరుగుతోందో కూడా చూడాలి. వారానికి రెండు రోజులు సెలవున్నవారు, బూట్లు కొనగలిగినవారు, ఇంగ్లీషులో వచ్చే యాత్రా ప్రకటన చదవగలిగినవారు మాత్రమే ఆ తాడు దాకా చేరారు. వడపోత తాడు దగ్గర జరగలేదు, అంతకుముందే జరిగిపోయింది.

6. భువనగిరి నుంచి ఎవరెస్టుకు:

ఈ వడపోతను దాటించినది ఒక ప్రభుత్వ విద్యాసంస్థ. అప్పటి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాసంస్థల సొసైటీకి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో, శిక్షకుడు బచినేపల్లి శేఖర్‌బాబు ఆధ్వర్యంలో వందమందికి పైగా విద్యార్థులకు భువనగిరి బండ మీద రాతి ఆరోహణ శిక్షణ మొదలైంది. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్య త్రిభువనమల్లుడి పేరు మోస్తున్న ఆ ఏకశిల సుమారు 500 అడుగుల ఎత్తు. పాపన్న దండెత్తి వచ్చిన బండ మీదికే మూడు వందల ఏళ్ల తరువాత దళిత, గిరిజన పిల్లలు తాళ్లు పట్టుకొని ఎక్కారు. ఈ పోలికను సాగదీయనవసరం లేదు గాని, గుర్తుంచుకోదగినది.

అక్కడ ప్రతిభ చూపినవారు డార్జిలింగ్ వెళ్లి రెనాక్ శిఖరం ఎక్కారు. అందులో మళ్లీ ఎంపికైనవారు లద్దాఖ్ చలిలో శిక్షణ పొందారు. చివరికి ఇద్దరు మిగిలారు. సిరిసిల్లకు వాయవ్యంగా, నిజామాబాదు జిల్లా సిరికొండ మండలంలోని పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఒకరు. తాడ్వాయి గురుకుల విద్యార్థిని, లంబాడా వ్యవసాయ కుటుంబంలో పుట్టిన బాలిక. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ రెండోవాడు. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరం చేరిన బాలిక అంతకుముందు లేదు. మరో వారానికి, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం అవతరించింది.

శిఖరం మీద జాతీయపతాకంతో పాటు వారు బి.ఆర్. అంబేద్కర్, ఎస్.ఆర్. శంకరన్ చిత్రపటాలను ప్రదర్శించారు. రెండో పేరు ఈ వ్యాసానికి కీలకం. సాంఘిక సంక్షేమ గురుకులాల వ్యవస్థకు రూపమిచ్చినవారిలో శంకరన్ ముఖ్యుడు. శిఖరం మీద విజేత తన పేరు కాక తన బడికి మూలమైన అధికారి బొమ్మ చూపడం పర్వతారోహణ చరిత్రలో అరుదు. ఆ ఇద్దరు పిల్లలు తాము ఒక సంస్థలో భాగంగానే అక్కడికి వచ్చామని ప్రకటించారు. తరువాతి కథనాలు ఆ ప్రకటనను పక్కన పెట్టాయి. పూర్ణ జీవితంపై రాహుల్ బోస్ దర్శకత్వంలో 2017లో వచ్చిన చలనచిత్రంతో సహా ప్రజల మనసులో నిలిచినది ఒక్క బాలిక కథ. భువనగిరి బండ మీద ఆమెకు తాడు పట్టినవారు, ఎంపిక కాక ఇంటికి తిరిగి వచ్చినవారు ఆ కథలో లేరు. ఒక సంఘం చరిత్రలో ఎంపిక కానివారే అధికసంఖ్యాకులు.

అదే ఏడాది ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపు ఖుంబు హిమపాతంలో మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. ఇతరుల కోసం దారి సిద్ధం చేస్తూ చనిపోయినవారు వీరు. ఆ ఋతువులో దక్షిణ మార్గం దాదాపు మూతపడింది. టిబెట్ మార్గంలో ఉన్న తెలుగు విద్యార్థుల యాత్ర కొనసాగింది. పిల్లల విజయాన్ని చెప్పేటప్పుడు ఈ మరణాలను కూడా అదే పేజీలో చెప్పాలన్నది నా అభిప్రాయం. కూలి కోసం కొండ ఎక్కేవారికీ, కొండ కోసమే ఎక్కేవారికీ మధ్య ఉన్న గీత ఎక్కడో హిమాలయాల్లో ఉన్నది కాదు. పూర్ణ తల్లిదండ్రుల జీవితానికీ ఆమె జీవితానికీ మధ్య కూడా అదే గీత ఉంది. ఆమె దానిని దాటింది. ఆ తరువాత ఆఫ్రికాలో కిలిమంజారోతో మొదలుపెట్టి 2022లో అలాస్కాలోని డెనాలి దాకా ఏడు ఖండాల శిఖరాలనూ పూర్తిచేసింది.

ఈ ఘనతకు మరో పార్శ్వం ఉంది. ప్రభుత్వం కల్పించిన ఆరోహణ కాబట్టి దానికి ప్రయోజనం చూపించవలసి వచ్చింది. ఆత్మవిశ్వాసం, రాష్ట్ర గౌరవం, రికార్డు అనే కారణాలు ముందుకు వచ్చాయి. అవి మంచి కారణాలే. కాని ఉన్నతవర్గపు పిల్లవాడు కారణం లేకుండా కొండ ఎక్కవచ్చు. గురుకుల విద్యార్థి ప్రపంచ రికార్డు కోసం ఎక్కాలి. రికార్డు రాని గుట్టను, ఇంటి దగ్గరి గుట్టను, సెలవునాడు ఊరికే ఎక్కే హక్కు ఆ పిల్లలకు సంస్థాగతంగా ఇంకా దక్కలేదు. రూపాయల లెక్కలో అది ఎవరెస్టు కన్నా ఎంతో చౌక.

7. మిగిలిన గుట్టలు:

ఇంటి దగ్గరి గుట్ట ఉంటేనే ఆ హక్కుకు అర్థం. కరీంనగర్ పరిసరాల్లో దొరికే 'టాన్ బ్రౌన్' గ్రానైట్‌కు అంతర్జాతీయ విపణిలో గిరాకీ ఎక్కువ. ఇక్కడి దిమ్మెలు రేవుల గుండా చైనాకు ఎగుమతి అవుతూ వచ్చాయి. క్వారీ లీజుల వల్ల చారిత్రక గుట్టలకు ముప్పు ఏర్పడిందని, వాటిలో బొమ్మలమ్మ గుట్ట కూడా ఉందని చరిత్రకారులు, భాషాభిమానులు పలుమార్లు ఆందోళన చెందారు. ఆ ఆందోళనకు ప్రధాన ఆయుధం కంద పద్యం. శాసనం లేని గుట్టకు అలాంటి వకాల్తా లేదు. హైదరాబాదులో శాసనం లేని రాళ్లను సైతం నెలనెలా నడిచే మనుషుల సమూహం కాపాడగలిగిందన్న అనుభవం ఇక్కడ పనికివస్తుంది. డిగ్రీ కళాశాలల్లో జాతీయ సేవా పథకం, ఎన్.సి.సి. విభాగాలు ఉన్నాయి, చరిత్ర శాఖలు ఉన్నాయి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల కళాశాలల విద్యార్థులు నెలకొక గుట్ట ఎక్కి, దాని రాతి రకం, చెక్కడాలు, స్థలనామం, ఎక్కే దారి నమోదు చేస్తే అది ఏకకాలంలో క్షేత్రపరిశోధన, సంఘజీవనం రెండూ అవుతుంది.

ఇటీవలి పరిణామం ఒకటి ఈ చర్చను మళ్లీ మోకు దగ్గరికి తెస్తుంది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికుల కోసం 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట భద్రతా సామగ్రి పంపిణీ ప్రారంభించింది. కాటమయ్య గౌడుల కులదైవం. కవచంలో ఉన్నవి తాడు, నడుము పట్టీ, క్లిప్పులు, కాలికి తగిలించే ఉచ్చు వంటివి. రాతి ఆరోహకుల సామగ్రికి ఇవి దగ్గరి బంధువులు. దీని రూపకల్పనలో, శిక్షణలో పర్వతారోహకుల అనుభవం వినియోగమైంది. తరతరాల మోకు జ్ఞానానికి క్రీడారంగం నుంచి ఒక చేర్పు వచ్చింది. ఎక్కువగా పట్టణ క్రీడగా పెరిగిన విద్య శ్రామికుడి నడుముకు చేరిన అరుదైన సందర్భమిది.

ఒక భేదం మాత్రం అలాగే ఉంది. బండ మీద ఎక్కేవాడి తాడుకు రెండో కొన మరో మనిషి చేతిలో ఉంటుంది. గీతకార్మికుడు తెల్లవారుజామున తాటివనంలోకి ఒక్కడే వెళ్తాడు. మోకైనా, కవచమైనా, రెండో కొన చెట్టుకే ఉంటుంది.